అమ్మకి మూడు నెలలుగా నడుం నొప్పి. ఎక్స్‌రేలో గ్యాప్ తగ్గిందన్నారు. ఇంకేం చూపించాలి?

నాగావళి_గట్టు (సోమవారం, రాత్రి 9:42)

అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. నా ఉద్యోగం విశాఖలో, అమ్మానాన్నలు ఊళ్ళోనే ఉంటారు. అమ్మకి 56. ఊడుపుల రోజుల్లో నడుం నొప్పి మొదలైంది. వంగి పని చేసింది కదా, అదే తగ్గుతుందిలే అనుకున్నాం. మూడు నెలలైంది, తగ్గలేదు.

ఊళ్ళో ఆరెంపీ గారు వారం రోజులు సూదులు వేశారు. వేసిన పూట బాగుంటుంది, మర్నాటికి మామూలే. తర్వాత టౌన్‌లో ఒక ఎముకల డాక్టర్‌కి చూపించాం. ఎక్స్‌రే తీసి "ఎల్4, ఎల్5 (నడుం నాలుగు, ఐదో పూసలు) మధ్య గ్యాప్ తగ్గింది, వయసు కదా" అని బెల్టు, క్యాల్షియం, నొప్పి బిళ్ళలు రాశారు. లోపల ఉన్నది మూడు నిమిషాలు. అమ్మ కుర్చీలోంచి లేవలేదు, ఆయన ముట్టుకుని చూడలేదు.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. చిన్నాన్న ఎంఆర్‌ఐ తీయించేద్దామంటున్నారు. పెద్దమ్మ పక్క ఊరి నుంచి ఎదురుకాళ్ళతో పుట్టిన కుర్రాణ్ణి పిలిపించి నడుం తొక్కిస్తానంటోంది. నవ్వకండి, ఆదివారం రమ్మని కబురు కూడా పెట్టేసింది. తెలిసినవాళ్ళు చెప్పండి, ఏం చెయ్యమంటారు?

కోట_జంక్షన్ (సోమవారం, రాత్రి 9:58)

ఆలోచించకండి బ్రదర్, ఎంఆర్‌ఐ తీయించేయండి. మాది విజయనగరం. నాకు నొప్పి వచ్చిన మూడో రోజే తీయించా. ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్ (పూసల మధ్య మెత్త ఉబ్బడం) అని తేలింది. ఏముందో తెలిసిపోతే టెన్షన్ ఉండదు.

గరివిడి_మాస్టారు (సోమవారం, రాత్రి 10:20)

టెన్షన్ ఉండదా బాబూ? నాకు ఆ కాగితం వచ్చాకే మొదలైంది. ఆరేళ్ళ కిందట నడుం పట్టేస్తే అల్లుడు స్కాన్ తీయించాడు. రిపోర్టులో మూడు డిస్కులు ఉబ్బాయని, ఒకటి ఎండిపోయిందని, నరాన్ని తాకుతోందని ఉంది. అది చదివాక రెండు నెలలు నీళ్ళ బిందె కాదు, చెంబు ఎత్తాలన్నా భయమేసేది. నొప్పి మాత్రం ఐదు వారాల్లో దానంతటదే పోయింది. ఇప్పటికీ రోజూ రైల్వే గేటు దాకా నడిచి వస్తున్నాను. డిస్కులు ఆ ఉబ్బు మీదే ఉండి ఉంటాయి, నేనే వాటి సంగతి మర్చిపోయాను.

తోటపల్లి_ఆర్థో (సోమవారం, రాత్రి 11:35)

ఓపీ, వార్డు ముగించుకుని ఇప్పుడే చూశాను. ముందుగా నాగావళి గారూ, ఆ ఆదివారం కార్యక్రమం ఆపించండి. పెద్దమ్మ గారికి నా మాటగా చెప్పండి. కండరం పట్టేస్తే తొక్కినా తొక్కకపోయినా తగ్గుతుంది. లోపల పూస గుల్లబారి ఉంటే మాత్రం ఆ ఒక్క తొక్కుడుకే కూలిపోవచ్చు. కూలితే కాళ్ళు పడిపోయే ప్రమాదం ఉంటుంది.

మాస్టారి అనుభవం అరుదైందేమీ కాదు. ఏ నొప్పీ లేనివాళ్ళని స్కాన్ చేస్తే ఇరవై ఏళ్ళవాళ్ళలోనే నూటికి 30 మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. ఎనభై ఏళ్ళవాళ్ళలో అది 84. తల నెరవడం ఎలాగో ఇదీ అలాగే. కాబట్టి స్కాన్‌లో ఏదో ఒకటి కనపడిందంటే నొప్పికి కారణం దొరికినట్టు కాదు. కనపడ్డదీ, ఆ మనిషి చెప్పేదీ, చేత్తో చూస్తే తెలిసేదీ మూడూ ఒకే చోట కలవాలి.

మరోవైపు నూటికి తొంభై నడుం నొప్పులకి ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించలేం. వాటిలో ఎక్కువ నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గుముఖం పడతాయి. మిగిలిన కొద్దిమందిని పట్టుకోవడమే మా పని. అమెరికాలో నడుం నొప్పితో మామూలు డాక్టర్ దగ్గరికొచ్చేవాళ్ళలో పూస విరగడం నూటికి నలుగురికి, క్యాన్సర్ వెయ్యికి ఏడుగురికి ఉంటుందని లెక్క. ఇన్ఫెక్షన్ అయితే పదివేలకి ఒకరు. ఆ చివరి అంకెని మనం అలాగే తెచ్చుకోకూడదు. ప్రపంచంలో ఉన్న టీబీలో ఇంచుమించు నాలుగో వంతు మన దేశంలోనే ఉంది, అది పూసలకీ పడుతుంది. అందుకే మా అమ్మానాన్నల వయసువాళ్ళు మూడు నెలల నొప్పితో వస్తే ముందు స్కాన్ రాయను, కూర్చోబెట్టి అడుగుతాను. మీరూ అమ్మగారిని అడిగి చెప్పండి.

నొప్పి సరిగ్గా ఎక్కడ? అరచేత్తో కాదు, ఒక్క వేలితో చూపించమనండి. పడుకుంటే తగ్గుతోందా, రాత్రిళ్ళు నొప్పికి లేచి కూర్చుంటున్నారా? సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా? బరువు తగ్గారా? (బరువు చూసే మిషన్ లేకపోతే జాకెట్లు వదులయ్యాయేమో అడగండి.) షుగర్ ఉందా? ఎప్పుడైనా రొమ్ములో గడ్డ గానీ, వేరే క్యాన్సర్ గానీ ఉండేదా? ఆయాసానికనో, కీళ్ళకనో స్టెరాయిడ్ బిళ్ళలు నెలల తరబడి వాడారా? కాళ్ళు బరువెక్కడం, చెప్పు జారిపోవడం ఉందా? చివరిది అడగడానికి మొహమాటపడొద్దు: మూత్రం మామూలుగా వస్తోందా, కూర్చునే చోట మొద్దుబారినట్టుందా?

కోట_జంక్షన్ (సోమవారం, రాత్రి 11:50)

డాక్టర్ గారూ, ఇన్ని ప్రశ్నలు వేసే బదులు స్కాన్‌లో అన్నీ కనపడతాయి కదండీ. కొన్ని వేల రూపాయలతో పోయేదానికి?

తోటపల్లి_ఆర్థో (మంగళవారం, ఉదయం 6:10)

కనపడతాయి, తీసిన చోట ఉంటే. నడుం కింది భాగానికని రాసిస్తే వాళ్ళు అక్కడే చూస్తారు. జబ్బు దానికి పైన ఉంటే రిపోర్టులో మీ బల్జ్ లాంటి బల్జ్ ఒకటి రాసి పంపిస్తారు. పేషెంటు ఆ బల్జ్ పట్టుకుని ఆర్నెల్లు తిరుగుతాడు.

బొబ్బిలి_బావ (మంగళవారం, ఉదయం 8:15)

డాక్టర్ గారి ఆఖరి ప్రశ్న గురించి ఒక మాట రాయాలి. ఇంత పొడుగు పోస్టు నేనెప్పుడూ రాయలేదు, ఓపిక పట్టండి.

మా బావమరిదికి 38. జూట్ మిల్లులో బేళ్ళు ఎత్తే పని. ఏడాదిగా నడుం నుంచి ఎడమ పిక్క దాకా లాగేది. బిళ్ళ వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయేవాడు. ఒక గురువారం రెండు కాళ్ళూ లాగడం మొదలైంది. శుక్రవారం పొద్దున్న బండి ఎక్కి "బావా, సీటు మీద కూర్చున్నానో లేదో తెలియట్లేదేటి" అన్నాడు. మేం నవ్వేశాం. నేనైతే "సీటు మార్పించరా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ రాత్రి మూత్రం రాలేదు. పొట్ట ఉబ్బిపోయింది. దగ్గర్లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే ట్యూబు వేశారు. 900 మిల్లీలీటర్లు వచ్చింది. షుగర్ వల్ల అయి ఉంటుందని బిళ్ళలిచ్చి ఇంటికి పంపేశారు. నడుం నొప్పి ఉందని మేం చెప్పాం, వాళ్ళు రాసుకోలేదు. ఆదివారానికి మడమలు లేవలేదు. సోమవారం విశాఖ తీసుకెళ్తే అక్కడి సర్జన్ ముందు దూదితో మలద్వారం చుట్టూ తాకి చూశారు, వీడికి తెలియలేదు. వేలు పెట్టి బిగించమన్నారు, బిగించలేకపోయాడు. వెంటనే ఎంఆర్‌ఐ, ఆ రాత్రే ఆపరేషన్. డిస్క్ పెద్ద ముక్క జారి నరాల కట్ట మొత్తాన్నీ నొక్కేసిందట.

ఇప్పుడు నడుస్తున్నాడు. కానీ మూత్రానికి రోజుకి నాలుగుసార్లు తనే ట్యూబు వేసుకోవాలి. శుక్రవారమే తీసుకొచ్చి ఉంటే అని ఆ డాక్టరు అనలేదు. మేమే అనుకుంటుంటాం.

తోటపల్లి_ఆర్థో (మంగళవారం, మధ్యాహ్నం 2:05)

బావ గారూ, ఇది రాసినందుకు ధన్యవాదాలు. వెన్నుపాము మొదటి, రెండో నడుం పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి కిందికి నరాలు గుర్రం తోకలా జాలువారతాయి. కాళ్ళకీ, మూత్రానికీ, మలానికీ, లైంగిక స్పర్శకీ అవే దిక్కు. అవి నలిగాయని అనుమానం వస్తే రేపటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. 108కి ఫోన్ చేసి, న్యూరో సర్జరీగానీ వెన్నెముక సర్జరీగానీ ఉన్నచోటికి ఆ పూటే చేరాలి. 48 గంటల లోపు ఒత్తిడి తీసేయాలంటారు. నా మాటగా అయితే ఎన్ని గంటలు ముందైతే అంత మేలు.

ఒక మెలిక కూడా ఉంది. మూత్రం ఆగిపోయిన మనిషికి నిండిన సంచి పొంగి చుక్కలు చుక్కలుగా కారుతుంది. "వస్తోందండీ" అనేస్తారు. అందుకే వచ్చిందా అని కాదు, వస్తున్నట్టు తెలుస్తోందా, పోశాక ఖాళీ అయినట్టుందా అని అడగాలి. పోశాక కూడా లోపల 200 మిల్లీలీటర్లకి పైగా మిగిలిందంటే అనుమానం గట్టిపడుతుంది. మామూలు అల్ట్రాసౌండ్‌లోనే ఇది తెలిసిపోతుంది.

ఉద్దానం_కుర్రోడు (మంగళవారం, సాయంత్రం 6:30)

మాది కవిటి మండలం, కిడ్నీ జబ్బులెక్కువున్న ఉద్దానం. మా దగ్గర నడుం నొప్పి అంటే వేరే ఆలోచనే ఉండదు. "కిడ్నీకి పట్టేసింది" అనుకుని అందరూ క్రియాటినిన్‌కి (ఎక్కువుంటే కిడ్నీ దెబ్బతిన్నట్టు చెప్పే రక్త పరీక్ష) పరిగెడతారు. నాన్నకి 2.1 వచ్చింది, రెండేళ్ళ నుంచీ అక్కడే ఉంది. ఇప్పుడు ఆయనకీ నడుం నొప్పి. ఇది కిడ్నీ నొప్పేనా అండీ?

పాత_ల్యాబ్‌మనిషి (మంగళవారం, సాయంత్రం 7:10)

తమ్ముడూ, ముప్ఫై ఏళ్ళు సోంపేట వైపు రక్తం తీశాను. మన దగ్గరి కిడ్నీ జబ్బుకి ఉన్న పెద్ద దుర్గుణం నొప్పి లేకపోవడమే. కొబ్బరి చెట్టెక్కి దిగే మనిషికి చెయ్యి పొడిచి చూస్తే 6 ఉండేది. నొప్పి పెట్టి ఉంటే ఎప్పుడో వచ్చేవాడు. నడుం నొప్పి అని వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి కిడ్నీ బాగానే ఉండేది. ఆ భయంతో చేయించుకున్న పరీక్షలో అసలు జబ్బు బయటపడినవాళ్ళూ ఉన్నారనుకో, అది వేరే లెక్క.

నేను చూసిన అసలు నష్టం ఇంకోటి. నడుం నొప్పికని డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ బిళ్ళలు కిరాణా కొట్లో చాక్లెట్ కొన్నట్టు కొనేవాళ్ళు. ఉన్న కిడ్నీని అవి ఇంకా కిందకి లాగుతాయి.

తోటపల్లి_ఆర్థో (మంగళవారం, రాత్రి 10:50)

ల్యాబ్ అన్నగారు చెప్పిందే నా మాట కూడా. కుర్రోడూ, నాన్నగారికి 2.1 ఉందంటే ఆ బిళ్ళలూ, ఆ సూదులూ రెండూ వద్దు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా కూర్చోగానే ఆ అంకె చెప్పమను. పలాసలో 2023 డిసెంబరులో మొదలైన కిడ్నీ ఆస్పత్రి మీకు దగ్గరే కదా, అక్కడ చూపిస్తున్నారనుకుంటాను.

కిడ్నీ నొప్పి, నడుం నొప్పి తేడా చెప్తాను. రాయి కదిలితే డొక్కలో మొదలై గజ్జల్లోకి దిగుతుంది, మనిషి ఒకచోట ఉండలేడు, మెలికలు తిరుగుతాడు. నడుం పట్టినవాడు దానికి ఎదురు, కదలడానికే భయపడి బిగుసుకుపోయి పడుకుంటాడు. కిడ్నీలో చీము పడితే చలిజ్వరం, మంట ఉంటాయి. మీ నాన్నగారికి వంగితే, లేస్తే నొప్పి మారుతోందంటే అది నడుందే.

నడుంలో పుట్టని నడుం నొప్పులు ఇంకా ఉన్నాయి. అరవై ఐదు దాటి, ఏళ్ళ తరబడి చుట్ట కాల్చిన మగవాడికి ఉన్నట్టుండి నడుం నొప్పి, కళ్ళు తిరగడం వస్తే పొట్ట మీద చెయ్యి వేసి చూడాలి. పెద్ద రక్తనాళం ఉబ్బి చేతి కింద కొట్టుకుంటుంటే అది నా కేసు కాదు, పరుగు కేసు. మన వైపు అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) పీల్చే ముసలమ్మల నోట్లో పుండు కోసం అందరూ చూస్తారు, పొట్ట మీద చెయ్యి ఎవరూ వెయ్యరు.

నిర్వాహకుడు (మంగళవారం, రాత్రి 11:02)

మందుల డోసులు ఇక్కడ అడగొద్దు, చెప్పొద్దు. మిగతా చర్చ కానివ్వండి.

నాగావళి_గట్టు (బుధవారం, రాత్రి 8:25)

సెలవు పెట్టి ఊరొచ్చాను. డాక్టర్ గారి ప్రశ్నలన్నీ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. నాన్న, పెద్దమ్మ కూడా ఉన్నారు. మా ఇంట్లో ఎవరి ఆరోగ్యం గురించీ ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒక్క వేలితో చూపించమంటే లంగా బొందు కట్టే చోటు కాదు, దానికి బెత్తెడు పైన, సరిగ్గా వెన్ను మధ్యలో పెట్టింది. "పగలు కంటే రేత్రి ఎక్కువరా, పక్క మీద ఒత్తిగిలితే పొడుస్తాది" అంది. తెల్లవారుజామున మంచం అంచున కూర్చుని రెండు చేతులూ పక్కకి ఆనించుకుని ఉంటుందట. ఈ సంగతి నాన్నకి తెలుసు, నాకు తెలియదు. జ్వరం లేదంది. పెద్దమ్మ ఊరుకోలేదు, "సందేళ ఒళ్ళు కాలతాదని దుప్పటి కప్పుకుంటావు కదే" అంది. జాకెట్లు రెండుసార్లు కుట్టు లోపలికి వేయించుకుంది. షుగర్ ఎనిమిదేళ్ళ నుంచి ఉంది. స్టెరాయిడ్లు, క్యాన్సర్ లేవు. మూత్రం, కాళ్ళు బాగానే ఉన్నాయి.

ఇంకోటి, నాకు నేనుగా గమనించింది. తాళంచెవి కింద పడింది. అమ్మ నడుం వంచలేదు. స్తంభం పట్టుకుని, వీపు కర్రలా నిటారుగా ఉంచి, గొంతుక్కూర్చుని తీసింది. మూడు నెలల్లో ఎన్నిసార్లు అలా కూర్చుని ఉంటుందో.

తోటపల్లి_ఆర్థో (బుధవారం, రాత్రి 9:15)

ఆ తాళంచెవి సంగతి రాసి మంచి పని చేశారు. మేం చదువుకునేటప్పుడు రూపాయి బిళ్ళ కింద వేసి తీయమనేవాళ్ళు. కండరం నొప్పి ఉన్నవాడు మూలుగుతూ అయినా కాస్త వంగుతాడు. పూసలో జబ్బున్నవాడు ఆ ఒక్కచోటా కదలనివ్వడు.

ఎక్స్‌రేలో చూసిన ఎల్4-ఎల్5 ఇంచుమించు లంగా బొందు దగ్గరే ఉంటుంది. అమ్మగారి వేలు ఉన్నది అక్కడ కాదు. వయసు యాభై దాటడం ఒక్కటే అయితే పట్టించుకునేవాణ్ణి కాదు, ఆ లెక్కన సగం ఊరుని స్కాన్ చెయ్యాలి. ఇక్కడ రాత్రి నొప్పి, సాయంత్రం వేడి, తగ్గిన బరువు, షుగర్, వేలితో చూపించగల ఒకే చోటు, అన్నీ ఒకేవైపు తోస్తున్నాయి. పూసలో ఇన్ఫెక్షన్, ముఖ్యంగా టీబీ చూడాలి. క్యాన్సర్ కూడా కాదని తేల్చుకోవాలి.

ఎక్స్‌రేలో గ్యాప్ తగ్గడం తప్ప ఇంకేం లేదన్నారు కదా అనుకోవద్దు. ఎముకలో మూడో వంతు నుంచి సగం దాకా ఖనిజం పోయేవరకు ఎక్స్‌రేకి తెలియదు. పైగా అది తీసి రెండు నెలలు దాటింది. రేపే శ్రీకాకుళం జీజీహెచ్‌కి (పెద్ద ప్రభుత్వాస్పత్రికి) వెళ్ళండి. బట్ట తొలగించి, పూసపూసా తట్టి చూసే డాక్టర్ దొరికేదాకా కదలకండి. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగేవి), రక్తం శాతం, క్రియాటినిన్, షుగర్, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. ఎంఆర్‌ఐ వెన్నెముక మొత్తానికి చూడాలి, ఎందుకంటే టీబీ ఒకేసారి రెండు మూడు చోట్ల కూడా ఉంటుంది. ఈలోపు కాళ్ళు తడబడితే రేపటి దాకా ఆగొద్దు.

కోట_జంక్షన్ (బుధవారం, రాత్రి 9:31)

అంటే చివరికి ఎంఆర్‌ఐ అనే కదండీ. నేను మొదట్లో అన్నదదే :)

గరివిడి_మాస్టారు (బుధవారం, రాత్రి 9:40)

అన్నావు బాబూ. కానీ ఎక్కడ తియ్యాలో అమ్మ వేలు చెప్పింది.

ఫిజియో_రాజాం (గురువారం, ఉదయం 7:20)

నాగావళి తమ్ముడూ, అమ్మకి ప్రస్తుతానికి ఎక్సర్‌సైజులు, మాలీషు ఏవీ వద్దు, రిజల్ట్ వచ్చాక చూద్దాం. మిగతావాళ్ళ కోసం కొంచెం రాస్తాను.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలు లాగుతోందని వస్తారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా కాలు నెమ్మదిగా ఎత్తుతాం. ముప్ఫై నుంచి డెబ్బై డిగ్రీల మధ్య మోకాలి కిందకి కరెంటు పాకినట్టుంటే నరం మీద ఒత్తిడి అనుకుంటాం. తొడ వెనక బిగిసినట్టుంటే అది కండరం, చాలామంది దీన్నే నరం అనుకుని భయపడతారు. బాగున్న కాలు ఎత్తితే బాగోలేని కాల్లో నొప్పి వచ్చిందా, అప్పుడు అనుమానం గట్టిది. తర్వాత మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు నడిపిస్తాం. మడమల మీద నడవలేక, బొటనవేలు పైకి ఎత్తలేకపోతే ఐదో నడుం నరం. మునివేళ్ళ మీద లేవలేకపోతే దాని కింది నరం. హవాయి చెప్పు నడుస్తుండగా జారిపోతోందని తెలియకపోవడం మా వైపు పెద్దవాళ్ళలో నేను చూసే మొదటి గుర్తు. బలం తగ్గుతూ వస్తుంటే ఫిజియో కాదు, ముందు సర్జన్.

పిరుదుకి సూది సరైన చోట పడక, నరానికి తగిలి, పాదం వేలాడిపోయినవాళ్ళు ఈ ఏడాది ఇద్దరు వచ్చారు. ఇద్దరూ మామూలు నడుం నొప్పికే సూది వేయించుకున్నవాళ్ళు. ఆ నొప్పికి మంచం దిగకుండా పడుకోవడం కూడా పాత పద్ధతే. రెండు రోజుల విశ్రాంతికీ ఏడు రోజుల విశ్రాంతికీ తేడా లేదని 1986లోనే తేలింది. ఒకటి రెండు రోజులు చూసి, నెమ్మదిగా లేచి తిరగడమే.

పలాస_పిక్కలు (గురువారం, రాత్రి 10:05)

అక్కా, మీరు అందరికీ విశ్రాంతి వద్దంటున్నారు కాబట్టి నాది చెప్తాను. నాకు 27. జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను, కూర్చుని చేసే పని. తెల్లవారి మూడు నాలుగు మధ్య నడుం నొప్పికి మెలకువ వచ్చేది. లేచాక గంటసేపు చెక్కలా ఉండేది. విచిత్రం ఏమిటంటే ఆదివారం ఇంట్లో పడుకుంటే ఎక్కువయ్యేది, క్రికెట్ ఆడితే తగ్గేది. రెండేళ్ళు బెల్టు కట్టా, పరుపు తీసేసి చాప మీద పడుకున్నా. అందరూ "బైకు తగ్గించు" అనేవాళ్ళు.

ఒకసారి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కంటి డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ కంట్లో దీపం వేసి చూస్తూ "పొద్దున్నే నడుం బిగుసుకుంటుందా బాబూ?" అని అడిగారు. కంటికీ నడుంకీ ఏంటి సంబంధం అనుకున్నా. ఆవిడే కీళ్ళ వాత డాక్టర్ దగ్గరికి పంపించారు. హెచ్‌ఎల్‌ఏ బీ27 (ఈ వాతం ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపించే జీన్) పాజిటివ్, ఎంఆర్‌ఐలో కటి కీళ్ళలో వాపు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అట, అంటే వెన్నుకి పట్టే కీళ్ళ వాతం. మందుతో, రోజూ ఈతతో ఇప్పుడు బాగున్నా.

తోటపల్లి_ఆర్థో (గురువారం, రాత్రి 11:15)

ఆ కంటి డాక్టర్ గారికి నమస్కారం. మా వాళ్ళు రెండేళ్ళు అడగనిది ఆవిడ ఒక్క వాక్యంలో అడిగారు. నలభై ఐదు లోపు మొదలై, మూడు నెలలు దాటి, పడుకుంటే పెరిగి, తిరిగితే తగ్గే నొప్పి కనిపిస్తే ఇది గుర్తుకు రావాలి.

నాగావళి_గట్టు (శనివారం, రాత్రి 7:50)

రిపోర్టులు వచ్చాయి. ఈఎస్‌ఆర్ 94. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. ఎంఆర్‌ఐలో డీ12, ఎల్1 (ఛాతీ ఆఖరి పూస, నడుం మొదటి పూస) రెండూ ఎదురెదురు అంచుల్లో తినేసినట్టున్నాయి. మధ్య డిస్క్ పోయింది. ఎడమ పక్క సోయాస్ కండరంలోకి (వెన్ను పక్కనుంచి తొడలోకి దిగేది) చీము దిగింది. వెన్నుపాము మీద ఒత్తిడి కొద్దిగానే ఉందన్నారు. ఎల్4-ఎల్5 గురించి రిపోర్టులో ఆఖరి లైనులో ఉంది, వయసుకి తగ్గ మార్పులని.

అమ్మని పరీక్ష చేసిన డాక్టరు గారు చిన్న వయసావిడ. వెన్ను మీద వేళ్ళతో కిందినుంచి పైకి ఒక్కో పూస తడుతూ వచ్చారు. అమ్మ చూపించిన చోటికి రాగానే అమ్మ నోట్లోంచి కేక వచ్చింది. అక్కడ చెయ్యి పెట్టి చూడమని నాకూ చూపించారు. చిన్న గుబ్బలా తగిలింది. మూడు నెలలుగా పెద్దమ్మ అక్కడే జిందా తిలిస్మాత్ రాస్తోంది.

టీబీ అన్నప్పటి నుంచి అమ్మ తన కంచం, గ్లాసు వేరే పెట్టేసుకుంది. మనవణ్ణి దగ్గరికి రానివ్వట్లేదు. దానికేం చెప్పాలో తెలియట్లేదు.

తోటపల్లి_ఆర్థో (శనివారం, రాత్రి 9:20)

చీము వెన్నుపాము మీదకి పెద్దగా పోకముందే దొరికింది. చాలామంది కాళ్ళు పడిపోయాక వస్తారు.

ముందు సీటీ స్కాన్‌లో చూస్తూ సూదితో ఆ పూసలోంచి చిన్న ముక్క తీయించాలి. మన దగ్గర ఎంఆర్‌ఐ చూసి నేరుగా మందులు మొదలుపెట్టేవాళ్ళున్నారు. నేను ముక్క తీయించడం వైపే. ఆ ముక్కకి చేసే జీన్ పరీక్షలో టీబీ అవునో కాదో, రిఫాంపిసిన్ (టీబీకి ముఖ్యమైన మందు) పనిచేస్తుందో లేదో రెండూ తెలుస్తాయి. ఏడాది పాటు మింగే మందు, పనిచెయ్యదని ఆరో నెలలో తెలిస్తే ఎవరికి బాగుంటుంది?

టీబీ అని తేలితే ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు, మందులే. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత మూడు, మొత్తం పన్నెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పోషణకి నెలకి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, వివరాలు నమోదయ్యాయో లేదో అడగండి.

కంచం విషయం. అమ్మగారి ఊపిరితిత్తులు బాగున్నాయి, దగ్గు లేదు. పూసలో ఉన్న టీబీ కంచంతోనో, ముద్దుతోనో అంటదు. మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం మాత్రం నడుం కోసం కొన్నాళ్ళు ఆపమనండి, పక్కన కూర్చోబెట్టుకోమనండి. ఇంట్లో మిగతావాళ్ళకి దగ్గు, జ్వరం ఉంటే ఒకసారి పరీక్ష చేయించండి.

ఉద్దానం_కుర్రోడు (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

నాన్న బిళ్ళల డబ్బా తెరిచి చూశాను. మూడు రకాల నొప్పి బిళ్ళలున్నాయి, మూడిట్లోనూ ఏసిక్లోఫెనాక్ ఉంది. పేర్లు వేరు కాబట్టి ఆయన వేర్వేరనుకున్నారు. అన్నీ తీసేశాను. రేపు పలాస.

నాగావళి_గట్టు (రెండున్నర నెలల తర్వాత, సోమవారం రాత్రి 9:05)

చాలామంది మెసేజ్ చేసి అడిగారు, అందుకే ఇక్కడే రాస్తున్నాను. విశాఖలో ముక్క తీశారు. జీన్ పరీక్షలో టీబీ వచ్చింది, రిఫాంపిసిన్ పనిచేస్తుంది. మందులు మొదలుపెట్టి తొమ్మిది వారాలు. మొదటి వారం మూత్రం నారింజ రంగులో వస్తే అమ్మ "రక్తం పోతోందిరా" అని ఏడ్చింది. ఆ మందు రంగే అదని ముందే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

రాత్రిళ్ళు ఇప్పుడు పడుకుంటోంది. సాయంత్రం దుప్పటి మానేసింది. నాలుగు కిలోలు పెరిగింది. పాత బెల్టు తీసేసి ఛాతీ దాకా వచ్చే గట్టి బ్రేస్ ఇచ్చారు, అందులో చెమట పడుతుందని గొడవ. కంచం ఇంకా వేరే పెట్టుకుంటోంది, కానీ మనవడే ఆ కంచంలోకి చెయ్యి పెట్టేస్తున్నాడు. పెద్దమ్మ తన బంధువులందరికీ ఫోన్లు చేసి "సందేళ ఒళ్ళు కాలతాదా?" అని అడుగుతోంది.

డాక్టర్ గారూ, ఒక్క ప్రశ్న. రథసప్తమికి అరసవల్లి వస్తానని మొక్కుకుందట. క్యూలో గంటల తరబడి నిలబడొచ్చా?

తోటపల్లి_ఆర్థో (సోమవారం, రాత్రి 10:40)

ఆ రోజు క్యూ, ఆ తోపులాట మీకు తెలియనిది కాదు. ఈ ఏడాదికి వద్దు. ఏదైనా మామూలు రోజున, ఆదివారం కాకుండా, బ్రేస్ పెట్టుకుని పొద్దున్నే తీసుకెళ్ళండి. మెట్ల దగ్గర మీరు పక్కనుండండి. దారిలో కాళ్ళు తేడాగా అనిపిస్తున్నాయంటే గుడికి కాదు, నేరుగా ఆస్పత్రికి. వచ్చే నెల లివర్ పరీక్ష, ఈఎస్‌ఆర్ మర్చిపోకండి. కళ్ళు పచ్చబడినా, చూపు మసకబారినా నెల దాకా ఆగక్కర్లేదు, వెంటనే చూపించండి.

నాగావళి_గట్టు (సోమవారం, రాత్రి 10:52)

అమ్మకి చదివి వినిపించాను. "మంగళవారం ఎల్దాం, సూర్నారాయణ ఆ రోజూ ఉంటాడు" అంది.